వానాకాలంలో లాన్ మోవర్: కాళ్లూ వేళ్లూ క్షేమంగా గడ్డి కోయడం ఎలా?

జూన్ నడిమికి వానలు దిగితే ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో గడ్డికి పట్టపగ్గాలుండవు. దామన్‌జోడి, సునాబెడ కాలనీల లాన్లు, పర్లాకిమిడి, గుణుపురం కాలేజీల ఆవరణలు, గెస్ట్‌హౌసుల ముందు పచ్చిక, ఏదైనా సరే రెండు వారాలు వదిలేస్తే పిక్కల దాకా లేస్తుంది. అప్పుడు షెడ్డులోంచి మిషన్ బయటికి తీస్తారు. ఎండాకాలమంతా మూలపడ్డ ఇంజను, తడి నేల, ఏటవాలు, గడ్డిలో కనపడని రాళ్లు, "ఈ రోజే అయిపోవాలి" అన్న తొందర, అన్నీ ఆ ఒక్క వారంలోనే కలుస్తాయి.

ఇక్కడ చెప్పేది వెనక నడుస్తూ నెట్టే, కింద ఒకే బ్లేడు అడ్డంగా తిరిగే పెట్రోలు మిషన్ గురించి. భుజాన తగిలించుకునే బ్రష్ కట్టర్ పద్ధతి వేరు. కరెంటు మిషన్ సంగతి విడిగా కింద ఉంది.

ముందు పిడి మీది లివరు సంగతి

21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకు సుమారు 300 కిలోమీటర్లు. సెకనుకు 50 చుట్లు, రెండు కొసలు, అంటే ఒకే చోటు మీదుగా సెకనుకు నూరు దెబ్బలు. చెయ్యి వెనక్కి లాక్కుందామన్న ఆలోచన వచ్చేలోపే పని అయిపోతుంది. అందుకే హ్యాండిల్ మీద ఒక కడ్డీ లివరు పెడతారు. దాన్ని పిడితో కలిపి నొక్కి పట్టుకున్నంతసేపే బ్లేడు తిరుగుతుంది, వదిలితే బ్రేకు పడుతుంది. అమెరికాలో 1982 నుంచి, లివరు వదిలిన 3 సెకన్లలోపు బ్లేడు ఆగి తీరాలన్నది చట్టం. మీ మిషన్ పనితీరు తూచడానికి కూడా ఆ 3 సెకన్లనే కొలతగా పెట్టుకోండి. వదిలాక "ఒకటి, రెండు, మూడు" అని నిదానంగా లెక్కపెట్టేసరికి అంతా సద్దుమణగాలి. ఇంకా గరగరమంటుంటే బ్రేకు అరిగింది, లేదా కేబుల్ వదులైంది. మెకానిక్ చూసేదాకా ఆ మిషన్ వాడొద్దు.

చెయ్యి నొప్పి పుడుతుందని ఈ లివరును సైకిల్ ట్యూబు ముక్కతోనో బైండింగు వైరుతోనో పిడికి కట్టేసే అలవాటు చాలాచోట్ల ఉంది. కూలికి వచ్చే మనిషి "ఒక్క నిమిషమే కదా బాబూ" అంటాడు. మీరు కాలుజారి పడ్డ క్షణంలో మిషన్‌ను ఆపేది ఆ లివరు ఒక్కటే. కట్టేస్తే మీరు కింద, మిషన్ మీ కాళ్ల మీద, బ్లేడు మాత్రం పూర్తి వేగంలో ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు ట్యూబు ముక్క కనిపిస్తే కోసి పారేయండి. చెయ్యి నొప్పికి మందు పావుగంటకోసారి ఆగి చేతులు విదిలించుకోవడమే.

లివరే లేని మిషన్ అయితే, స్విచ్ ఆపాక బ్లేడు తన ఊపు మీద తిరుగుతూనే ఉంటుందని గుర్తుంచుకోండి. శబ్దం ఆగినంత మాత్రాన బ్లేడు ఆగినట్టు కాదు.

రెండో రక్షణ వెనకవైపు వేలాడే రబ్బరు రేకు, పక్కన గడ్డి బయటికొచ్చే నోటికి ఉండే మూత. రెండింట్లో ఏది విరిగినా, గడ్డి సంచి తగిలించకుండా వెనక నోరు తెరిచి ఉన్నా ఇంజను స్టార్ట్ చేయకూడదు. ఆ నోటిలోంచి వచ్చేది గడ్డి ఒక్కటే కాదు.

నేల చూడటం

బ్లేడుకు తగిలిన రాయి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. మన ఎర్రనేలల్లో ప్రతి వానకీ మొరం గులకలు కొత్తగా పైకి తేలతాయి. కాబట్టి నిన్న ఏరాం కదా అని ఇవాళ వదిలేయడానికి లేదు. రాళ్లతో పాటు వెతకాల్సినవి: పందిళ్లు వేసిన చోట మిగిలిన మేకులు, వెదురు గూటాలు, బైండింగు వైరు, కాలేజీ మైదానంలో సీసా మూతలు, గాజు పెంకులు, బట్టలారేసే తీగ ముక్కలు, నీళ్ల పైపుల కొళాయి తలలు. తీగ ముక్క రాయి కన్నా ప్రమాదం. బ్లేడు దాన్ని తునకలు చేసి విసురుతుంది.

గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంటే అడుగున ఏముందో కళ్లకు ఆనదు. అప్పుడు నేరుగా మిషన్ దింపొద్దు. ముందు కొడవలితోనో బ్రష్ కట్టర్‌తోనో జానెడు ఎత్తుకు తెచ్చి, నేల చూసి, అప్పుడు మోవర్ పెట్టండి. ఎత్తు గడ్డిలో పాములుంటాయి, రక్తపింజరి కదలకుండా పడుకునే రకం. పొడవాటి కర్రతో తట్టుకుంటూ ఒకసారి నడవండి, చేత్తో పొదలు విడదీయొద్దు.

తొలగించలేని వాటికి, అంటే మ్యాన్‌హోల్ మూత, మొక్కల చుట్టూ పాతిన ఇటుకలు, కొళాయి, వీటి పక్కన కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టండి. మిషన్ వెనక నడిచేవాడికి ముందు చక్రాల అవతల ఏముందో సరిగా కనిపించదు.

పిల్లలూ కుక్కలూ మేకలూ కనీసం 15 మీటర్ల అవతల ఉండాలి, ఇంట్లోనే ఉంటే మరీ మంచిది. ఎవరైనా దగ్గరికి వస్తుంటే ముందు లివరు వదలండి, తర్వాత మాట్లాడండి. పిల్లల వైద్యుల సలహా ప్రకారం 12 ఏళ్ల లోపువారు ఈ మిషన్ నడపకూడదు. సెలవుల్లో మనవడికి సరదాగా పిడి అందించే తాతయ్యలకు కూడా ఇది వర్తిస్తుంది.

ఒంటి మీద ఏముండాలి

వేళ్లు మూసిన, అడుగున పట్టున్న బూట్లు. హవాయి చెప్పులతోనో వట్టి కాళ్లతోనో ఈ పని చేయడమంటే కాలివేళ్లు పందెం పెట్టడమే. తడి గడ్డి మీద రబ్బరు చెప్పు జారితే పాదం నేరుగా డెక్కు (బ్లేడును పైనుంచి కప్పే గొడుగు) కిందకే పోతుంది. నిండు ప్యాంటు, కళ్లకు అద్దాలు, చెవులకు మఫ్‌లు. పెట్రోలు మోవర్ శబ్దం నడిపేవాడి చెవి దగ్గర 90 డెసిబెల్స్ దాకా ఉంటుంది. రోజూ ఇదే పని చేసే మాలికి కొన్నేళ్లలో వినికిడి తగ్గే ప్రమాదం ఉంది. కండువా, వేలాడే లుంగీ అంచు, మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టాలి.

ఆయిలు, పెట్రోలు

ఇవి ఫోర్‌స్ట్రోక్ ఇంజన్లు. ఆయిలు అడుగున విడిగా ఉంటుంది, పెట్రోలు ట్యాంకు విడిగా ఉంటుంది. బ్రష్ కట్టర్లు ఎక్కువగా టూస్ట్రోక్ కాబట్టి వాటికోసం 2టీ ఆయిలు కలిపిన పెట్రోలు డబ్బా అదే షెడ్డులో ఉంటుంది. తప్పు డబ్బా ఎత్తి పోయడం ఇక్కడ మామూలే. మోవర్‌లో ఆ మిశ్రమం పోస్తే స్పార్క్ ప్లగ్గు నల్లగా కాలి, పొగ వస్తుంది. అదే బ్రష్ కట్టర్‌లో వట్టి పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. రెండు డబ్బాలకు రెండు రంగులు వేయండి, మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి.

ఆయిలు చూసేటప్పుడు మిషన్ సమతలం మీద ఉండాలి. డిప్‌స్టిక్ (ఆయిలు కొలిచే పుల్ల) తుడిచి, మిషన్‌తో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టు పెట్టి తీసి, పై గీతకూ కింది గీతకూ మధ్య ఉందో లేదో చూడండి. ఎస్‌ఏఈ 30 గానీ 10డబ్ల్యూ-30 గానీ సరిపోతుంది. సాధారణంగా అరలీటరు నుంచి 650 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. పై గీత దాటి పోస్తే తెల్లపొగ వస్తుంది, ఎయిర్ ఫిల్టర్ ఆయిలుతో తడుస్తుంది. కొత్త మిషన్‌కు పుస్తకంలో రాసిన తొలి కొన్ని గంటల తర్వాత ఒకసారి, ఆపైన సుమారు 50 గంటలకోసారి, లేదా సీజనుకోసారైనా, ఆయిలు మార్చాలి.

పెట్రోలు విషయంలో ఇప్పుడు ఒక కొత్త చిక్కు ఉంది. బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. చిన్న ఇంజన్లలో చాలావాటి పుస్తకాలు 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలపు తేమలో ట్యాంకులో నెలరోజులు నిలవుంటే నీరూ ఇథనాలూ అడుగుకు దిగి కార్బురేటర్‌ను పాడుచేస్తాయి. దీనికి విరుగుడు ఏ పౌడరూ కాదు. ఒకటి రెండు వారాల్లో వాడేంతే కొనడం, ట్యాంకులో నిలవ ఉంచకపోవడం, రబ్బరు పైపు మెత్తబడిందో పగిలిందో సీజనుకోసారి చూడటం, ఇంతే.

పోసేటప్పుడు ఇంజను ఆపి 10–15 నిమిషాలు చల్లారనివ్వండి. సైలెన్సర్ మీద పెట్రోలు చుక్క పడితే అంటుకుంటుంది. బీడీ ఆర్పేయాలి. గడ్డి మీద పోయొద్దు, సిమెంటు నేల మీదో మట్టి మీదో పోయండి. ట్యాంకు అంచుకు రెండు సెంటీమీటర్లు ఖాళీ ఉంచాలి. మంచినీళ్ల సీసాలో పెట్రోలు పెట్టడం ఎంత ప్రమాదమో దాహం వేసిన మనిషికి తెలియదు, కాబట్టి మూత బిగుతుగా పడే పెట్రోలు డబ్బానే వాడండి.

స్టార్ట్ చేయడం

1. మిషన్‌ను సమతలం మీద, కోసేసిన గడ్డి మీదో సిమెంటు మీదో పెట్టండి. మూసిన షెడ్డులో స్టార్ట్ చేయొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.
2. కోత ఎత్తు సరిచేయండి. ఇది ఇంజను ఆగి ఉన్నప్పుడే చేయాలి.
3. పెట్రోలు ట్యాప్ తెరవండి. చల్లని ఇంజనుకు చోక్ పెట్టండి. ప్రైమర్ బల్బు (పెట్రోలు ఎక్కించే రబ్బరు బుడ్డి) ఉన్న మిషన్ అయితే చోక్‌కు బదులు దాన్ని మూడుసార్లు నొక్కండి.
4. లివరును పిడితో కలిపి ఎడమచేత్తో గట్టిగా పట్టుకోండి. రెండు కాళ్లూ డెక్కుకు వెనకగా, దూరంగా ఉండాలి.
5. తాడు పిడిని ముందు మెల్లగా, బిగువు తగిలే దాకా లాగండి. అక్కడి నుంచి ఒక్క ఊపున లాగండి. తాడును చేతికి చుట్టుకోవద్దు. ఇంజను ఎదురు తంతే మణికట్టు పోతుంది.
6. అంటుకున్నాక తాడును చేత్తో పట్టుకునే వెనక్కి వదలండి. చోక్ మెల్లగా తీసేయండి.

ఐదారుసార్లు లాగినా అంటుకోకపోతే ఆగండి. ఊరికే లాగుతూ పోతే సిలిండర్‌లో పెట్రోలు నిండి ప్లగ్గు తడుస్తుంది. ప్లగ్గు తీసి, తుడిచి, సందు 0.7–0.8 మిల్లీమీటర్లు ఉందో చూసి మళ్లీ ప్రయత్నించండి.

కోరాపుట్ పట్టణం సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఇంత ఎత్తులో గాలి పలచన కాబట్టి ఇంజను బలం పదో వంతు దాకా తగ్గుతుంది. దానికోసం కార్బురేటర్ జెట్ (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రం) మార్పించనక్కర్లేదు. మైదానాల్లో కన్నా కాస్త ఎత్తున, కాస్త నెమ్మదిగా కోయండి, చాలు.

కోసేటప్పుడు

పొద్దున్నే మంచులో మొదలుపెట్టొద్దు. వాన లేని రోజు పది గంటల తర్వాత, గుప్పెడు గడ్డి పట్టుకుని అరచేతికి తడి అంటకపోతే అప్పుడు దిగండి. తడిగడ్డి డెక్కు లోపల ముద్దలా అతుక్కుంటుంది, నోరు మూసుకుపోతుంది. దాన్ని తీయబోయే చేతికే ఎక్కువగా దెబ్బ తగులుతుంది.

ఒక్కసారిలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి కోయకండి. ఆరంగుళాలు పెరిగిన గడ్డిని నాలుగుకు తెచ్చి, మూడు నాలుగు రోజులాగి మళ్లీ దింపండి. ఎండ తగిలే గరికను మూడు నాలుగు సెంటీమీటర్ల దాకా దించొచ్చు. చెట్ల నీడలో ఉన్నదాన్ని ఐదారు సెంటీమీటర్లు వదిలేయాలి. నేలకు గీకినట్టు కోస్తే లాన్ పసుపెక్కడమే కాదు, బ్లేడు మట్టిని, గులకల్ని కొట్టడం మొదలవుతుంది.

నడక నడకే, పరుగు వద్దు. ముందు సాలు మీద 8–10 సెంటీమీటర్లు ఎక్కేలా పక్క సాలు వేసుకోండి. గడ్డి చిమ్మే నోరు ఎప్పుడూ మనుషులూ కార్లూ కిటికీలూ లేని వైపుకే ఉండాలి. కంకర దారి దాటాల్సి వస్తే లివరు వదిలి, బ్లేడు ఆగాక దాటండి. సొంతంగా నడిచే మిషన్ అయినా అంతే.

మిషన్‌ను వెనక్కి, మీ వైపుకు లాగుతూ కోయడం ఈ పనిలో అన్నిటికన్నా చెడ్డ అలవాటు. వెనక్కి నడిచే మనిషికి కాలు తట్టుకుంటే మిషన్ అతని మీదకే వస్తుంది. మూలల్లో తప్పనప్పుడు ముందు వెనక్కి తిరిగి చూసి, అరచెయ్యంత అరచెయ్యంతే లాగండి. గోడ పక్కన, కాలువ గట్టు పక్కన, మొక్కల మొదట మిగిలే గడ్డిని కొడవలికి వదిలేయండి.

ఏటవాలు

మన కొండ కాలనీల్లో అసలు పరీక్ష ఇక్కడే. నడిచే మోవర్‌ను వాలుకు అడ్డంగా నడపాలి, ఎగువకూ దిగువకూ కాదు. ఎగువకు నెడుతూ జారితే మిషన్ మీ మీదకు దిగుతుంది. దిగువకు వెళ్తూ జారితే మీ పాదాలు డెక్కు కిందకు పోతాయి. అడ్డంగా వెళ్తున్నప్పుడు జారితే మీరూ మిషనూ విడివిడిగా జారతారు. కూర్చుని నడిపే పెద్ద మిషన్లకు దీనికి విరుద్ధంగా, నిలువునా నడపాలంటారు. అది చూసి గందరగోళపడొద్దు.

15 డిగ్రీలకు మించిన వాలు మీద అసలు నడపొద్దు. కొలవడం తేలికే. మీటరు పొడవు తిన్నటి కర్ర ఒక కొస ఎగువ నేలకు ఆనించి, రెండో కొస ఎత్తి కర్రను మట్టంగా పట్టుకోండి. స్పిరిట్ లెవెల్ లేకపోతే సగం నీళ్లున్న సీసాను కర్ర మీద పడుకోబెడితే నీటిమట్టం చెబుతుంది. దిగువ కొస నుంచి నేలకు 27 సెంటీమీటర్లు దాటితే ఆ వాలు మోవర్‌ది కాదు. వాలు మీద ఇంకో గొడవ, ఈ ఇంజన్లలో చాలావాటికి ఆయిలు పంపు ఉండదు, అడుగున ఉన్న ఆయిలు చిమ్మి తడుపుతుంది. ఆయిలు తక్కువగా ఉండి మిషన్ ఒరిగితే ఆ చిమ్మడం అందక ఇంజను పట్టేస్తుంది.

మలుపులు వాలు మీద కాకుండా సమతలంగా ఉన్న చోటికి వచ్చి తిప్పండి. మిషన్ జారుతుంటే పట్టుకుని ఆపబోవద్దు. చేతులు వదిలేయండి. లివరు కట్టేసి లేకపోతే అదే ఆగుతుంది.

గడ్డి ఇరుక్కుంటే

డెక్కు కిందికి చెయ్యి పెట్టాల్సిన ప్రతిసారీ ఇదే వరస, మినహాయింపు లేదు: లివరు వదలాలి, బ్లేడు ఆగాలి, ప్లగ్గు టోపీ పీకి పక్కకు తిప్పాలి, అప్పుడు కర్రతో గడ్డి తోయాలి. ఇంజను ఆగి ఉంది కదా, ప్లగ్గు ఎందుకు పీకాలి అని అడుగుతారు. వేడి ఇంజను సిలిండర్‌లో పెట్రోలు ఆవిరి మిగిలి ఉండొచ్చు. బ్లేడును చేత్తో తిప్పితే క్రాంకు (ఇంజను ఇరుసు) తిరిగి, ప్లగ్గు ఒక నిప్పురవ్వ వేసిందంటే చాలు, ఇంజను ఒక అరచుట్టు కొట్టగలదు. ఆ అరచుట్టుకే వేళ్లు పోతాయి.

మిషన్ ఒరిగించాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ ఉన్న వైపు పైకి ఉండాలి. తిరగేసి ఒరిగిస్తే ఆయిలు ఫిల్టర్‌లోకి, సిలిండర్‌లోకి దిగి, తర్వాత స్టార్ట్ చేసినప్పుడు తెల్లపొగతో ఆవరణంతా నిండుతుంది.

బ్లేడు పదును

గడ్డి కొసలు తెల్లగా చీలికలుగా కనిపిస్తే బ్లేడు మొండిబారింది. ప్లగ్గు టోపీ తీసి, బ్లేడుకూ డెక్కుకూ మధ్య చెక్కదిమ్మ అడ్డం పెట్టి, మందమైన తొడుగులు వేసుకుని బోల్టు విప్పండి. విప్పే ముందే బ్లేడు ఏ వైపు కిందికి ఉందో సుద్దతో గుర్తు పెట్టుకోండి. వంపు రెక్కలు డెక్కు వైపుకే, అంటే పైకే ఉండాలి. తలకిందులుగా బిగిస్తే ఎంత పదును పెట్టినా గడ్డి తెగదు.

ఆకురాయితో పాత వాలు ప్రకారమే, రెండు వైపులా సమానంగా అరగదీయండి. గ్రైండర్ వాడితే ఉక్కు నీలం తిరిగేంత వేడెక్కనివ్వొద్దు. తర్వాత మధ్య రంధ్రాన్ని గోడకున్న మేకుకు తగిలించండి. ఒక కొస కిందికి దిగితే ఆ వైపు ఇంకాస్త అరగదీయాలి. సమతూకం లేని బ్లేడు హ్యాండిల్‌ను వణికిస్తుంది, బేరింగును తినేస్తుంది. పగులు గానీ, వంగుడు గానీ, రెక్క దగ్గర పలచబడటం గానీ కనిపిస్తే వెల్డింగు పెట్టించొద్దు. కొత్త బ్లేడే వేయాలి. బోల్టును పుస్తకంలో రాసిన బిగువుకు, చాలా మిషన్లలో సుమారు 50 న్యూటన్ మీటర్లకు, బిగించండి.

బ్లేడు రాయికి గట్టిగా కొట్టుకుంటే వెంటనే ఆపండి. ఆ తర్వాత వణుకు మొదలైతే బ్లేడు గానీ క్రాంకు గానీ వంగింది. తాడు ఎదురు తంతుంటే, లేదా అసలు అంటుకోకపోతే, ఫ్లైవీల్ కింద ఉన్న చిన్న కీ తెగి టైమింగ్ తప్పి ఉండొచ్చు. ఆ కీ చవకైనదే, మెకానిక్ మార్చేస్తాడు. వంగిన క్రాంకు మాత్రం తట్టి సరిచేసేది కాదు.

కరెంటు మిషన్ అయితే

వాన తడిలో వద్దే వద్దు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ తెంచేసే స్విచ్) ఉన్న లైన్ నుంచే తీసుకోండి. మూడు తీగల వైరు, 25 మీటర్ల లోపైతే 1.5 చదరపు మిల్లీమీటర్లది, ఇంకా పొడవైతే 2.5ది. వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకుని, ప్లగ్గు పాయింటు దగ్గర మొదలుపెట్టి దూరంగా కోసుకుంటూ పోతే బ్లేడు వైరు మీదకు రాదు. కరెంటు పోతే లివరు వదిలి, ప్లగ్గు ఊడదీయండి. లివరు కట్టేసి ఉన్న మిషన్, కరెంటు రాగానే ఎవరూ లేకుండానే తిరగడం మొదలెడుతుంది. బ్యాటరీ మిషన్‌కు చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ బయటికి తీయాలి.

సీజను చివర

అక్టోబరు దాటాక, చివరి కోత అయ్యాక, ట్యాంకులో మిగిలిన పెట్రోలు డబ్బాలోకి వంచేయండి. ఇంజను దానంతట అదే ఆగేదాకా నడిపి కార్బురేటర్ ఖాళీ చేయండి. ఇంజను ఎత్తెత్తి పడుతూ తిరగడం, చోక్ ఉంటేనే నడవడం, ఈ రెండు జబ్బులూ ఎక్కువగా నిలవ పెట్రోలు వల్ల జెట్ మూసుకుపోయి వచ్చినవే. డెక్కు అడుగున ఎండిన గడ్డిని గీకి, కాస్త ఆయిలు పూసి, తుప్పు పట్టకుండా ఉంచండి. నీళ్ల పైపు ఎయిర్ ఫిల్టర్ మీదకు కొట్టొద్దు.

గాయమైతే

శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, 108కి ఫోన్ చేయండి. గుడ్డ తడిసినా తీయకుండా దాని మీదే ఇంకొకటి వేసి అదమండి. పసుపు, కాఫీ పొడి, ఆకుపసరు పెట్టొద్దు, ఆసుపత్రిలో కడగడానికి ఇంకాస్త సమయం పోతుంది. వేలు తెగి విడిపోతే దాన్ని వెతికి, తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచి మనిషితో పాటే పంపండి. వేలు నేరుగా ఐసుకు తగలకూడదు. గాయం చిన్నదైనా ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నదీ డాక్టరుకు చెప్పండి.